మేడ మీద విల్లు: అచ్చు పని డైరీ

మే 4

మూడు నెలలుగా కాగితం మీదే ఉన్న పని ఇవాళ మేడెక్కింది. 18 మి.మీ. మెరైన్ ప్లై అర షీటు కొని, కొట్లోనే 32 అంగుళాల ముక్కలుగా కోయించి, స్కూటీ ముందు నిలబెట్టుకుని తెచ్చాను. బెజవాడ ట్రాఫిక్‌లో కాళ్ల మధ్య ప్లైవుడ్‌తో బండి నడపడం కూడా ఒక విద్యే.

చేయబోయేది మూడు ముక్కల లాంగ్‌బో, అంటే పొడవాటి విల్లు. నడుమ పిడి 18 అంగుళాలు. పైనా కిందా ఉండే కొమ్మల్ని లింబ్‌లు అంటారు, అవి 26 అంగుళాలవి రెండు. పిడి మీద చెరో రెండంగుళాలు ఎక్కి కూర్చుంటాయి కాబట్టి మొత్తం పొడవు 66 అంగుళాలు. ఒక్కో లింబ్‌కీ ఒక బోల్టు, ఒక పిన్ను. విప్పితే బ్యాగులో పడుతుంది. నేను బాణాలు వేసేది నూజివీడు దగ్గర మా బావగారి మామిడి తోటలో. ఐదున్నర అడుగుల కర్ర పట్టుకుని బస్సెక్కిన ప్రతిసారీ కండక్టర్ ముందు దాన్ని, తర్వాత నన్ను చూస్తాడు. విప్పుడు విల్లు మీదికి మనసు పోవడానికి అసలు కారణం అదే.

సంగతి తెలిసిన వాళ్లు రెండు ప్రశ్నలే అడుగుతున్నారు. ఒకటి, "శివధనుస్సా?" రెండోది, "మన జ్యోతి సురేఖ వేసేలాంటిదా?" ఊరు బెజవాడ కదా, రెండో ప్రశ్న తప్పదు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఆ అమ్మాయి మూడు బంగారు పతకాలు తెచ్చాక విల్లంటే ఇక్కడ అందరికీ అదే గుర్తు. ఆవిడది కాంపౌండ్. చివర్లలో చక్రాలు, వాటి మీదుగా కేబుళ్లు ఉంటాయి. నాది వెదురు బద్దలు అంటించి చేసే పాతకాలం రకం. ఇలా చెబితే కొంచెం నిరుత్సాహపడుతున్నారు.

లింబ్ అంటే ఒకే బద్ద కాదు. పల్చటి బద్దలు నాలుగు, మధ్యలో ఎపాక్సీ. జిగురు తడిగా ఉండగానే ఆ బొత్తిని ఒక వంపు మీద కూర్చోబెట్టి నొక్కి ఉంచితే, ఆరాక ఆ వంపు అలాగే నిలిచిపోతుంది. ఆ వంపున్న దిమ్మే అచ్చు. లింబ్‌లు రెండైనా అచ్చు ఒకటే. ఒకదాని తర్వాత ఒకటి అందులోనే చేస్తాను.

నల్లమలలో చెంచులు ఒక వెదురు బద్ద చెక్కి విల్లు చేసేసుకుంటారు. అచ్చు లేదు, ఎపాక్సీ లేదు, డైరీ అంతకన్నా లేదు. ఈ మాట మా ఆవిడకి చెప్పకుండా ఉండాల్సింది.

మే 6

వంపు గీయడానికి రెండు సాయంత్రాలు పట్టింది.

పిడి వైపు మొదటి ఏడంగుళాలు తిన్నగా ఉండాలి, బోల్టు పడేది అక్కడ. అక్కడినుంచి మెల్లగా పైకి లేచి, చివరికొచ్చేసరికి మొదటి గీతకన్నా అంగుళన్నర ఎత్తులో ఉండాలి. విలుకాడికి అవతలి వైపు వంగే వంపు ఇది. నారి ఎక్కించినప్పుడు దీనికి ఎదురు తిరిగి వంగుతుంది కాబట్టి కొంచెం బిగువు ముందే దాచుకున్నట్టు.

కంప్యూటర్‌లో గీసి ప్రింటు తీద్దామనుకున్నాను. నాలుగు ఏ4 కాగితాలు అతికించాక ఒక అతుకు దగ్గర గీత ఇటు మిల్లీమీటరు, అటు మిల్లీమీటరు తప్పింది. అది చించేసి పాత పద్ధతిలోకి దిగాను. 6 మి.మీ. ఎమ్‌డీఎఫ్ మీద నాలుగంగుళాలకొక మేకు కొట్టి, పల్చటి వెదురు బద్దని వాటికి ఆనించి వంచి, దాని వెంట పెన్సిల్ గీశాను. బద్ద తనంతట తాను ఎక్కడ ఎంత వంగాలో అంతే వంగుతుంది, గతుకు ఉండదు. విల్లులో ఉండబోయేదీ ఆ వెదురే. గీత కూడా అదే గీయడం న్యాయం.

జిగ్‌సాతో గీతకి రెండు మి.మీ. దూరంగా కోసి, మిగతాది పొడవాటి చెక్క దిమ్మకి సాండ్ పేపర్ చుట్టి అరగదీశాను. ఇక్కడొక చిట్కా. అంచు నునుపుగా వచ్చిందో లేదో కళ్లతో చూస్తే తెలియదు. కళ్లు మూసుకుని చూపుడువేలు మెల్లగా నడపాలి. పదకొండో అంగుళం దగ్గర నా వేలు ఒకచోట చిన్నగా ఎక్కి దిగింది. కళ్లు తెరిచి చూస్తే అక్కడేమీ లేదు. మూసుకుంటే ఉంది. పెన్సిల్‌తో గుర్తు పెట్టి నాలుగు రుద్దులు రుద్దితే పోయింది. అలాంటివి ఐదు దొరికాయి.

మే 11

ఎమ్‌డీఎఫ్‌లో కోసిన ఆ వంపు నమూనా, అంటే టెంప్లేట్ సిద్ధం, ఇక ప్లైవుడ్. మూడు పొరలు కలిపితే 54 మి.మీ., అంటే రెండంగుళాల పైచిలుకు. లింబ్ బద్దలు అంగుళన్నర వెడల్పు, పక్కలకి కాస్త చోటు మిగులుతుంది.

వీధి చివరి వడ్రంగి బాబాయ్ దగ్గర ట్రిమ్మర్ అడిగి తెచ్చాను. సన్మైకా అంచులు తీస్తారే, ఆ చిన్న మిషన్. దాని బిట్‌కి కింద బేరింగ్ ఉంటుంది. బేరింగ్ టెంప్లేట్ అంచు మీద దొర్లుతుంటే, బిట్ ప్లైని సరిగ్గా అదే ఆకారంలో కోస్తుంది. కాకపోతే ఆ బిట్ అంగుళం లోతే కోస్తుంది. మూడు పొరలూ ఒకేసారి కుదరదు. మొదటి పొరని టెంప్లేట్‌తో కోశాను. దానికి రెండో పొరని ఫెవికాల్‌తో అంటించి, స్క్రూలు బిగించి, ఆరాక మొదటి పొర అంచునే ఆధారం చేసుకుని రెండోది కోశాను. మూడోదీ అలాగే. అప్పటికి అది చాలా తెలివైన పనిలా అనిపించింది.

రెండో పొరలో, అంచుకి సరిగ్గా మధ్యలో, వేలు దూరేంత గుల్ల బయటపడింది. మెరైన్ ప్లై అని డబ్బు తీసుకున్నారు, లోపల గుల్ల ఇచ్చారు. పుట్టీతో పూడ్చొచ్చులే అనుకుని వదిలేశాను.

పై అచ్చు కూడా ఇలాగే, దీనికి తిరగబడ్డ వంపుతో. రెండిటి మధ్యా 22 మి.మీ. ఖాళీ ఉండాలి. అందులో బద్దల బొత్తి 11, మిగతాది బొత్తిని నొక్కే గాలి పైపుకి. పిడి వైపు బద్దల మధ్య ఏడంగుళాల నల్లతుమ్మ ముక్క ఒకటి వస్తుంది. ఒక చివర 6 మి.మీ. మందం, రెండో చివర కాగితమంత పల్చన. అందుకని పై అచ్చులో ఆ ఏడంగుళాలూ అదే ఏటవాలుతో లోతుగా కోశాను. ఇది మొదట తట్టలేదు. ఖాళీలో ముక్కలు పేర్చి చూస్తుంటే పైపుకి చోటు మిగల్లేదు, అప్పుడు తెలిసింది.

మే 14

గాలి పైపు ఎందుకు, క్లాంపులు బిగిస్తే పోదా అని బాబాయ్ అడిగాడు. మంచి ప్రశ్నే. ఫర్నిచర్‌కి పోతుంది. వెదురు వీపు చదునుగా ఉండదు. గణుపు గణుపుకీ ఒక ఉబ్బు, అడ్డంగా చూస్తే గుండ్రం. గట్టి దిమ్మతో నొక్కితే గణుపుల దగ్గర పిండేస్తుంది, మధ్యలో తాకను కూడా తాకదు. గాలి నింపిన పైపు అయితే ఉబ్బు మీద ఉబ్బులా, పల్లంలో పల్లంలా కూర్చుంటుంది. ఎక్కడైనా ఒకటే ఒత్తిడి.

పైపు కొలత దగ్గర ఒక లెక్క ఉంది. చదునుగా పరిస్తే గుండ్రటి పైపు వెడల్పు దాని వ్యాసానికి ఒకటిన్నర రెట్ల పైన వస్తుంది. మామూలు ఫైర్ హోస్ 63 మి.మీ.ది, పరిస్తే దాదాపు 99. నా అచ్చు 54. పక్కలకి పొట్టలు వేసుకుని బయటికొస్తుంది. అంగుళన్నర పైపు అయితే పరిచినప్పుడు 60, సరిపోతుంది.

పొలాల్లో మోటారుకి తగిలించే చదును పైపు అంగుళన్నరది, పాతది, బావగారి షెడ్డులో దొరికింది. ఒక చివర మడిచి రెండు చెక్కల మధ్య బిగించాను. రెండో చివరా అలాగే, దాని దగ్గర నట్టు బిగించే రకం ట్యూబులెస్ వాల్వు. అచ్చు మధ్య పెట్టి, సైకిల్ పంపుతో కొట్టడం మొదలుపెట్టాను. 20 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి 20 పౌండ్ల ఒత్తిడి) బాగుంది. 30 కూడా బాగుంది. 35 దగ్గర "ఢాం" అంది.

మధ్యాహ్నం రెండింటికి, వీధంతా ఫ్యాన్ల కింద పడుకున్న వేళ. కింద పోర్షన్ అత్తయ్యగారు గ్యాస్ సిలిండర్ అనుకుని బయటికి పరిగెత్తారు. మా ఆవిడ మేడ మెట్ల దగ్గరికొచ్చి, "ఏవండీ, చేతులూ కాళ్లూ ఉన్నాయా?" అని అడిగి, ఉన్నాయని చెప్పాక వెళ్లిపోయింది.

పైపు ఎండకి ఎండి మడతల దగ్గర పగిలి ఉంది. తప్పు దానిది కాదు, చూసుకోకుండా పెట్టిన నాది. ఆ సాయంత్రం కూర్చుని ముందే వెయ్యాల్సిన లెక్క వేశాను. రెండంగుళాల వెడల్పు, 32 అంగుళాల పొడవు, 64 చదరపు అంగుళాలు. 50 పీఎస్‌ఐ పెడితే 3,200 పౌండ్లు. దాదాపు ఒకటిన్నర టన్ను. పై అచ్చుని పైకి తోసేది అంత బలం. నేను దాన్ని ఆపడానికి పెట్టింది నాలుగు సీ క్లాంపులు. పైపు ముందే పగలడం నా అదృష్టం.

మే 18

పైపు సంగతి తేలేలోపు అచ్చు వంపు ఎలా ఉందో చూద్దామని ఒక ఉత్తుత్తి లింబ్ చేశాను. 3 మి.మీ. ప్లై పట్టీలు మూడు, ఫెవికాల్ రాసి, కింది అచ్చు మీద పెట్టి సైకిల్ ట్యూబు చీల్చిన బద్దీలతో చుట్టేశాను. మర్నాడు విప్పితే వంపు అద్భుతం. పది నిమిషాలు దాన్ని చేత్తో పట్టుకుని తిప్పి తిప్పి చూసుకున్నాను.

తర్వాత మెలిక చూశాను. లింబ్ మొదట్లో అడ్డంగా ఒక అడుగు స్కేలు, చివర్లో ఒక అడుగు స్కేలు పెట్టి, కన్ను దించి ఒకదాని మీదుగా రెండోదాన్ని చూడాలి. రెండూ సమంగా కనబడాలి. చివరి స్కేలు కుడి వైపు పైకి లేచి ఉంది. కొలిస్తే ఐదు మి.మీ. పైనే.

మూలమట్టం తెచ్చి అచ్చు మీద రెండంగుళాలకొకచోట పెట్టి చూశాను. మొదట్లో పక్క గోడకీ పై తలానికీ సరిగ్గా లంబం. మధ్యలో కొంచెం వెలుతురు. చివర్లో ఆ వెలుతురు ఒక మిల్లీమీటరు. 54 మి.మీ. వెడల్పులో మిల్లీమీటరు అంటే ఏముందిలే అనిపిస్తుంది, అదే అడుగు స్కేలు మీద ఐదున్నర అవుతుంది.

కారణం వెతకాల్సిన పని లేదు, నా తెలివైన పద్ధతే. ట్రిమ్మర్ అంచు మీద నడిచేటప్పుడు దాని అడుగు సగం గాల్లో ఉంటుంది, చివర్లో సగం కన్నా తక్కువే ఆనుతుంది. చెయ్యి కాస్త బరువు వేస్తే వాలుతుంది. మొదటి పొరలో కొంచెం వాలింది. రెండో పొర ఆ వాలినదాన్ని చూసి రాసుకుంది, తన వాలు ఇంకొంచెం కలిపింది. మూడోది రెండోదాన్ని చూసి రాసుకుంది. కాపీ కొట్టిన పరీక్ష పేపర్ లాంటిదే, ప్రతి చేతిలోనూ తప్పు పెరిగింది.

అప్పటికీ నాకు దిగులు లేదు. ట్రిమ్మర్ తిరిగి ఇవ్వడానికి వెళ్లినప్పుడు బాబాయ్‌తో అదే అన్నాను. "అచ్చు ఒకటే కదా బాబాయ్. తప్పున్నా రెండు లింబ్‌లకీ ఒకేలా వస్తుంది. దానికి ఇది, దీనికి అది సరిపోతుంది."

ఆయన మాట్లాడలేదు. బీడీ పక్కన పెట్టి, తన ఎడమ కాలి చెప్పు విప్పి గుమ్మం ముందు పెట్టాడు. "నీ ఎడమ చెప్పు విప్పు" అన్నాడు. విప్పాను. నా చెప్పు మడమని తన చెప్పు మడమకి ఆనించి, ఒకటి వీధి వైపు, ఒకటి ఇంటి వైపు చూసేలా పెట్టాడు.

"ఇదిగో అబ్బాయ్, నీ విల్లు" అన్నాడు.

వీధి వైపు చెప్పు ఒక పక్కకి వంగింది, ఇంటి వైపు చెప్పు ఇంకో పక్కకి వంగింది. రెండూ ఎడమవే. అందుకే పక్కపక్కన పెడితే ఒకేలా ఉంటాయి, మడమలు కలిపితే ఎదురు బొదురు. పిడి దగ్గర లింబ్‌లు కలిసేది మడమలు కలిసినట్టే. నా విల్లు పై చివర కుడికి మెలి తిరిగితే, కింది చివర ఎడమకి తిరుగుతుంది. నారి మధ్యగీత మీద నిలవదు, విల్లుని అడ్డంగా దాటి పోతుంది.

రెండు వేర్వేరు అచ్చులు చేసి, ఒకదానిలో తప్పు ఇటూ ఒకదానిలో అటూ ఉంటే సరిపోయేదేమో. ఒక అచ్చుతో చేసేవాడికి ఆ అవకాశం లేదు. ఒంటి కాలి చెప్పులే వస్తాయి. మెలిక లేకుండా ఉండాలి, అంతే.

చెప్పు వేసుకుని వచ్చేశాను. ట్రిమ్మర్ ఇవ్వడం మర్చిపోయి మళ్లీ వెళ్లాను.

మే 21

కొత్త అచ్చు చెయ్యాలా, దీన్నే సరిచెయ్యాలా? చిత్రిక పట్టి చూశాను, ప్లైలో పొర పొరకీ నార దిక్కు మారుతుంది కాబట్టి ఒక పొర లేస్తుంది, ఒకటి చిట్లుతుంది. సాండ్ పేపర్ దిమ్మతో రుద్దితే అంచులు ముందు అరిగి మధ్యలో గుబ్బ మిగులుతోంది. రెండు రోజులు రుద్ది, ఉన్న దాన్ని ఇంకొంచెం పాడు చేశాను.

దారి ఆటోనగర్‌లో దొరికింది. హోస్ కోసం తిరుగుతుంటే ఒక షెడ్డులో కుర్రాడు లారీ క్యాబిన్ తలుపుకి పుట్టీ పెడుతున్నాడు. సొట్ట నిండా పుట్టీ వేసి, పొడుగాటి పట్టీతో ఒక్క లాగు లాగాడు. మేస్త్రీ గచ్చు చేసేటప్పుడు రెండు పక్కలా బద్దలు పెట్టి, వాటి మీద సిమెంటు లాగుతాడే, అదే పని. ఆ రెండు బద్దల స్థానంలో నా టెంప్లేట్లు ఉంటే?

మే 25

పని ఇలా చేశాను. మొదటి టెంప్లేట్ నుంచి రెండోది కోశాను. ఈసారి ట్రిమ్మర్ వాలకుండా పక్కన అదే ఎత్తు ప్లై ముక్క పెట్టి. రెండిటినీ అచ్చుకి చెరో పక్కా ఉంచి, ఆటోనగర్‌లో పెద్ద డ్రిల్లింగ్ మిషన్ దగ్గరికి తీసుకెళ్లి మూడుచోట్ల 8 మి.మీ. కన్నాలు ఈ పక్కనుంచి ఆ పక్కకి నిలువుగా వేయించాను. చేతి డ్రిల్లుతో వేస్తే మళ్లీ అదే రామాయణం. మిషన్ అతను ఆ దిమ్మ దేనికని అడిగాడు. విల్లుకి అన్నాను. పని అయ్యాక, "డబ్బులొద్దులే సార్, బాణం నామీద వెయ్యకుండా ఉంటే చాలు" అన్నాడు. ఇచ్చే వచ్చాననుకోండి.

పిన్నులు దూర్చాక రెండు టెంప్లేట్లూ అటూ ఇటూ కదలవు. అచ్చు పై తలాన్ని ఆకురాయితో టెంప్లేట్ల కన్నా మిల్లీమీటరున్నర లోతుకి దించాను. ఇప్పుడు అది రెండు గట్ల మధ్య కాలవలా ఉంది. ఆ కాలవ నిండా కారు పుట్టీ. రెండు గట్ల మీదా అల్యూమినియం పట్టీ ఆనించి లాగడమే.

చెప్పడం తేలికే. పుట్టీలో గట్టిపడే పేస్టు కలిపాక ఈ ఎండలో మూడు నాలుగు నిమిషాలకి మించి ఆగదు. ఇవాళ్టినుంచి రోహిణీ కార్తె, రోళ్లు పగిలే కాలం. మొదటి ముద్ద పట్టీ కింద ఉండగానే జున్నులా గడ్డకట్టి ముక్కలుగా లేచొచ్చింది. గీకేసి, పేస్టు సగానికి తగ్గించి, ఆరంగుళాల చొప్పున చేశాను. రెండు పూతలు పడ్డాయి. మే 11న వదిలేసిన గుల్ల కూడా ఇందులోనే పూడిపోయింది.

పుట్టీకి అంత బలం ఉందా అని ఒక అనుమానం ఉండేది. ఒత్తిడి 50 పీఎస్‌ఐ అంటే మొత్తం మీద ఒకటిన్నర టన్ను అయినా, ఒక చదరపు అంగుళం మీద పడేది 23 కిలోలే. లారీ తలుపు మీద అంతకన్నా మొరటు బతుకు బతుకుతుంది పుట్టీ.

టెంప్లేట్లు తీసి మూలమట్టం పెట్టాను. ఈ చివరినుంచి ఆ చివరిదాకా వెలుతురు లేదు. స్పార్క్ ప్లగ్ సందు చూసే ఫీలర్ గేజ్‌లో 0.1 మి.మీ. రేకు ఒకే ఒక్కచోట దూరింది, 23వ అంగుళం దగ్గర. దాన్ని అలాగే ఉంచాను.

మే 29

హోస్ దొరికింది. కాన్వాస్‌ది, లోపల రబ్బరు పూత, అంగుళన్నర. ఈసారి చివరలు ఒకసారి మడిచి, పైనా కిందా 6 మి.మీ. ఇనప పట్టీలు పెట్టి, రెండేసి 10 మి.మీ. బోల్టులు బిగించాను. పై అచ్చుని పట్టి ఉంచడానికి ఆరుచోట్ల అడ్డ పట్టీలు, ఒక్కోదానికి అటూ ఇటూ 12 మి.మీ. బోల్టులు, మొత్తం 12. ఒక్కో బోల్టు మీద 120 కిలోలు పడుతుంది, దానికి అదొక లెక్కే కాదు. వీటన్నిటితో కలిపి ఇప్పుడు అచ్చుని ఒక్కణ్నే మెట్లెక్కించలేను.

పంపు కొట్టేటప్పుడు ముఖం పక్కకి తిప్పుకుని, పొడుగు గొట్టంతో, గోడ చాటునుంచి కొట్టాను. 35 దాటుతుంటే చెవులు రిక్కించి విన్నాను. 50 దగ్గర ఆపాను. రాత్రంతా ఉంచితే పొద్దున 49. ఆ ఒక్కటీ వాల్వు దగ్గర పోయింది, వాషరు మార్చాను.

జూన్ 1

రెండో ఉత్తుత్తి లింబ్, ఈసారి పైపుతో. విప్పి స్కేళ్లు పెట్టాను. సమంగా ఉన్నాయి. నమ్మక, ఆ లింబ్‌ని బాబాయ్‌కి చూపించాను. ఆయన ఒక కన్ను మూసి చూసి, "ఆఁ" అన్నాడు. ఆయన దగ్గర అది పెద్ద మార్కే.

ఎపాక్సీ అంటకుండా అచ్చు మీద గోధుమరంగు ప్యాకింగ్ టేపు వేసి, దానిమీద నేల పాలిష్ మైనం రుద్దాను. టేపు ముడత పడకూడదు, పడితే ఆ ముడత లింబ్ పొట్ట (విలుకాడి వైపు ముఖం) మీద అచ్చేసినట్టు దిగుతుంది. తడి జిగురు మీద బద్దలు సబ్బు ముక్కల్లా జారతాయి. అందుకు రెండు పక్కలా టేపు చుట్టిన చెక్క మేకులు, పిడి వైపు బోల్టు రావలసిన చోట బద్దలన్నిటినీ గుచ్చే 4 మి.మీ. పిన్ను.

ఆరబెట్టే పెట్టె కూడా అయింది. వేరే ఊళ్లలో వాళ్లు బల్బులు పెట్టి వేడి చేస్తారు. నేను రేకు పెట్టెకి నల్ల రంగు వేసి మేడ మీద పెట్టాను. మధ్యాహ్నం ఒంటిగంటకి లోపల థర్మామీటర్ 62 చూపించింది. కరెంటు బిల్లు లేదు.

జూన్ 5

తెల్లవారుజామున నాలుగున్నరకి లేచాను. ఎపాక్సీ నెమ్మదిగా గట్టిపడే రకమే, కానీ పది డిగ్రీలు పెరిగితే టైము సగమవుతుంది. పగలు 43లో కలిపితే రెండో బద్దకి రాస్తుండగానే గిన్నెలోది పొగలు కక్కుతుంది. అందుకే సూర్యుడు రాకముందే రాయాలి, వచ్చాక ఆరాలి.

రెసిన్, హార్డెనర్ వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచాను. త్రాసు కింద కాగితం పరిచాను, అయినా ఒక బొట్టు పడింది, గోటితో గీకాను. పొట్ట బద్ద, లోపలి బద్ద, నల్లతుమ్మ ముక్క, ఇంకో లోపలి బద్ద, వీపు బద్ద. ప్రతి ముఖానికీ రాయాలి, రెండు వైపులా. ఒక వైపే రాసి రెండోది ఆ తడి పీల్చుకుంటుందిలే అనుకుంటే ఎండు మచ్చలు మిగులుతాయి. మా అమ్మాయి నిద్రమొహంతో వచ్చి టార్చి పట్టుకుంది. "నాన్నా, ఇది తేనె వాసన ఎందుకు రావట్లేదు?" అంది. రంగు చూసి అడిగినట్టుంది.

పిన్ను గుచ్చి, ప్లాస్టిక్ షీటు కప్పి, పైపు పరిచి, పై అచ్చు పెట్టి, 12 బోల్టులు మధ్యనుంచి చివరలకి బిగించాను. గాలి 50 పీఎస్‌ఐ. పక్కలనుంచి ఎపాక్సీ పూసల్లా వరసగా బయటికొచ్చింది, ఒక చివరినుంచి ఇంకో చివరిదాకా, ఎక్కడా ఆగకుండా. ఈ నెల రోజుల్లో నాకు బాగా నచ్చిన దృశ్యం అదే. ఐదూ నలభైకి పని పూర్తయింది.

ఒంటిగంటకి పెట్టెలోకి తొంగి చూస్తే గేజ్ 57 చూపిస్తోంది. ఒక్క క్షణం గుండె ఝల్లుమంది. తర్వాత గుర్తొచ్చింది, మూసిన పైపులో గాలి వేడెక్కితే ఒత్తిడి పెరగదా మరి. సాయంత్రానికి మళ్లీ 50కి దిగింది.

జూన్ 6

పొద్దున గాలి తీసి బోల్టులు విప్పాను. లింబ్ రాలేదు. టేపు ఒకచోట చిరిగి ఎపాక్సీ పుట్టీని పట్టుకుంది, మొదట్లో, రెండంగుళాల మేర. రబ్బరు సుత్తితో పక్కనుంచి తడుతూ, సన్నటి చెక్క చీలికలు దూరుస్తూ అరగంట పట్టింది. "టప్" మని వచ్చింది. పుట్టీలో రూపాయి బిళ్లంత పెచ్చు దానితోపాటే వచ్చింది.

స్కేళ్లు పెట్టాను. మొదటిది, చివరిది సమంగా. కన్ను మార్చి చూశాను, ఇంకో స్కేలుతో చూశాను. ఒక అర మిల్లీమీటరు ఉందేమో, అది నా కన్నేమో. చివరి ఎత్తు అచ్చులో అంగుళన్నర, లింబ్‌లో దానికి రెండు మి.మీ. తక్కువ. అచ్చు విప్పాక కొంచెం వెనక్కి తగ్గడం మామూలే, రెండోది కూడా అంతే తగ్గితే చాలు. జిగురు గీతలు పక్కనుంచి చూస్తే వెంట్రుకల్లా ఉన్నాయి, పిడి వైపు నల్లతుమ్మ ముక్క కరిగి మాయమయ్యే చోట కూడా సందు లేదు.

మధ్యాహ్నం పెచ్చు ఊడిన చోట పుట్టీ పెట్టి, ఆ ఒక్క జాగాకి టెంప్లేట్లు మళ్లీ పిన్నుల మీద ఎక్కించి పట్టీ లాగాను. మూలమట్టం చూశాను. ఎల్లుండి మృగశిర, ఆకాశంలో ఇప్పటికే పడమటి వైపు మబ్బు కనబడుతోంది. ఎండ ఉండగానే రెండో లింబ్ అయిపోవాలి. రేపు నాలుగున్నరకే. టేపు ఈసారి రెండు వరసలు వెయ్యాలి. మైనం అయిపోయింది, కొట్టు మూసేలోపు వెళ్లి ఒక డబ్బా తేవాలి. ఇప్పుడు ఎనిమిదిన్నర.